పాప చెంప మీది చుక్క

ముఖాలన్నీ ఎరిగిన దేవునికి స్తోత్రం. ఎంత దూరాన ఉన్నా, ఎన్నాళ్లు చూడకపోయినా, తన పిల్లల్ని ఏ కాగితమూ అడగకుండా గుర్తుపట్టే తండ్రికే మహిమ. ఆ చూపు ఆయనకే ఉందని, నాకు లేదని, గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఫోటో స్టూడియోలో కూర్చున్న రోజున నాకు తెలిసింది.

అప్పట్లో నేను అక్కడి ఆసుపత్రిలో, పిల్లల వార్డులో నర్సును. మా ఆయనకు జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గోడౌను పని. ఆయన తోటి మగవాళ్ల గదిలో ఉండేవారు, నేను నర్సుల క్వార్టర్స్‌లో ఉండేదాన్ని. అక్కడ సెలవు శుక్రవారమే, ఆ రోజు చర్చి ఆరాధనలో కలిసేవాళ్లం. అయ్యాక గోడ నీడలో కాసేపు నిలబడి మాట్లాడుకుని ఎవరి బస్సు వాళ్లం ఎక్కేవాళ్లం. పాప మాత్రం ఊళ్లో మా అక్క దగ్గర. కాన్పుకి వెళ్లి, ఐదో నెల బిడ్డను అక్క చేతుల్లో పెట్టి వచ్చేశాను. మూడో ఏడు వస్తున్నా మళ్లీ సెలవు దొరకలేదు. అక్కకు పిల్లలు లేరు. పాప ఆమెను అమ్మా అనేది. నన్ను ఫోనమ్మ అనేది.

వార్డులో రోజంతా ఎవరెవరి పిల్లల్నో ఎత్తుకుని జ్వరాలు చూసేదాన్ని. గదికొస్తే ఏసీ చప్పుడు తప్ప మరో మాట ఉండేది కాదు. దుకాణంలో పాపకు గౌను కొనేటప్పుడు ఇంత ఉంటుందేమో అని నేల నుంచి చేత్తో కొలిచేదాన్ని. పంపిన గౌన్లన్నీ పొట్టివయ్యేవి.

ఆ ఏడు మా ఆయన కంపెనీ ఫ్యామిలీ వీసాకి ఒప్పుకుంది. షార్జాలో ఒక గది కుదిరింది. పాప వీసాకి ఫోటో కావాలంటే మా బావ ఊళ్లో తీయించి నెట్ సెంటర్ నుంచి మెయిల్ పంపాడు. మా ఆయనకు వీలుకాక స్టూడియోకి నేనే వెళ్లాను.

స్టూడియో ఆయన కడప ముస్లిం. తెలుగువాళ్లు వస్తే టీ తెప్పించకుండా పని మొదలుపెట్టేవాడు కాదు. నా మెయిల్ తెరిచాడు. తెర మీద ఫోటో పైనుంచి మెల్లగా దిగింది. ముందు జుట్టు, తర్వాత నుదురు, తర్వాత కళ్లు. అచ్చం మా ఆయన కళ్లు. వెనకాల నీలం తెర, దాని మీద గీసిన కొబ్బరిచెట్లు.

"ఈ చెట్లన్నీ పీకేసి తెల్లగా చేయాల సిస్టర్. తల పైన ఇంత, గడ్డం కింద ఇంత ఉండాల. లేకుంటే వీసా ఫారాలు కొట్టే టైపింగ్ సెంటరోడు మన మొహానే కొడతాడు," అంటూ పాప చుట్టూ గీత లాగి, పెద్ద ఫోటోను వీసా కొలతకు కుదించసాగాడు. ఉన్నట్టుండి చెయ్యి ఆపాడు.

"ఇది పుట్టుమచ్చా, దిష్టిచుక్కా?"

కుడి చెంప మీద నల్లగా, గుండ్రంగా ఉంది.

"చుక్కయితే చెప్పండి, యల్లా, ఇప్పుడే తుడిచేస్తా. మచ్చయితే ముట్టుకోకూడదు. ఎయిర్‌పోర్టులో కాగితం, మొహం ఒకటే ఉండాల."

నేను తెర దగ్గరకు వంగి చూశాను.

"ఏం సిస్టర్, మీ పాపేనా?" అని నవ్వాడు. నేనూ నవ్వబోయాను. కాని నవ్వు రాలేదు.

ఐదో నెలలో ఆ చెంప మీద ఏమీ లేదు. మొదటి పుట్టినరోజు ఫోటోలో ఆ చెంపను అక్క భుజానికి ఆనించుకుని ఉంది. మచ్చలు పుట్టాక కూడా వస్తాయని నర్సుగా నాకు తెలుసు. సంచిలో పాస్‌పోర్టు కాపీ ఉంది కాని, అది ఫ్యాక్స్‌లో వచ్చింది. ముఖమంతా మసే. ఇక మిగిలింది ఒక్కటే. మా ఇంట్లో దిష్టి అన్న మాటే వినబడదు. అక్క సంఘంలో స్త్రీల ప్రార్థన కూడిక నడిపిస్తుంది. ఇరుగుపొరుగు మిరపకాయలు దిగదుడుస్తుంటే, కాపాడేది దేవుడు గాని మిరపకాయలు కాదని మొహం మీదే చెప్పే మనిషి. కాబట్టి ఇది మచ్చే అయి ఉండాలి.

"పుట్టుమచ్చే. ఉంచేయండి," అన్నాను.

"గ్యారంటీనా? అక్కడ ఇచ్చినాక ఖలాస్, మార్చేది లేదు."

మా ఆయనకు ఫోన్ చేశాను. "ఏవండీ, పాప చెంప మీద మచ్చ ఉందా?"

"తల్లివి నువ్వు, నన్నడుగుతావేంటి? పుట్టినప్పుడు నేను వెళ్లిన నాలుగు రోజులూ అది నిద్రపోతూనే ఉందిగా. మా ముదీర్ వస్తున్నాడు, పనిలో ఫోను చూస్తే తిడతాడు, అక్కనడుగు," అని పెట్టేశారు.

అక్కను అడగాలంటేనే నాకు కష్టంగా ఉంది. అడిగానంటే, నా బిడ్డ ముఖం నాకు తెలియదని ఒప్పుకున్నట్టే. అయినా ఫోన్ కార్డు గీకి చేశాను.

"అక్కా, ఫోటోలో పాప చెంప మీద..."

 నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"నేనే పెట్టానే," అంది.

"నువ్వా?"

"కాటుకతో. ఫోటోల అబ్బాయి కూడా, ఏంటమ్మగారూ, మీరు కూడానా, అని నవ్వాడు."

"ఎందుకక్కా?"

"ఏం చెప్పనే? పొద్దున్న దానికి తల దువ్వి, మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేశాను. ఈ ఫోటో తీయించేస్తే ఇంక ఇది వెళ్లిపోతుంది కదా అనిపించింది. అంత దూరం, కొత్త ఊరు, ఎవరి కళ్లు ఎలాంటివో. ఆమెన్ అని లేచాక కూడా నా చెయ్యి ఊరుకోలేదు. తుడిపించేయ్. కూడికలో ఎవరికీ చెప్పకు."

వెనకాల పాప గొంతు: "అమ్మా, ఎవరూ?"

"ఫోనమ్మ," అంది అక్క.

స్టూడియో ఆయన పక్క చర్మం రంగు తీసి చుక్క మీద అద్దాడు. చుక్క పోయింది. ఒకే కాగితం మీద ఒకే ముఖం వరసగా అచ్చయి వచ్చింది. చుక్క ఉన్నది కూడా ఒకటి తీసివ్వమన్నాను.

"దిష్టి తగలకుండానా?"

"కాదండీ. అది మా అక్క పెట్టింది."

 ఆయన దాన్ని విడిగా, జాగ్రత్తగా కత్తిరించి ఇచ్చాడు. ఈనాటికీ అది నా బైబిల్లోనే ఉంది.

మా ఆయన వెళ్లి పాపను తీసుకొచ్చారు. ఎయిర్‌పోర్టు బయట ఎత్తుకోబోతే నన్ను తోసేసింది. ఆ చెంప మీద ఏమీ లేదు. అయినా నా బొటనవేలు వెళ్లి అక్కడే ఆగింది. కొన్నాళ్లకు షార్జా గదిలో ఫోన్ మోగింది. పాప పరుగెత్తి ఎత్తింది. ఎవరని అడిగాను.

"ఫోనమ్మ," అంది.

ఆ పేరు నన్ను విడవాలని ఎన్ని రాత్రులు అడిగానో దేవుడికి తెలుసు. ఇప్పుడది అక్క పేరని విన్నాక, అటువైపు ఆ ఇంట్లో ఏసీ చప్పుడు కూడా లేదు కదా అని గుర్తొచ్చింది.

బైబిల్లో, జమ్ముపెట్టెలో బిడ్డను నీటి మీద వదిలిన తల్లి సంగతి సంఘంలో వింటూనే పెరిగాను. తల్లి కోసం అందరూ కన్నీళ్లు పెట్టుకుంటారు. దూరాన నిలబడి, ఏమవుతుందో అని చూసిన ఆ బిడ్డ అక్క కోసం ఎవరూ ప్రార్థించగా నేను వినలేదు. ఇది రాస్తానంటే మా అక్క, "రాయి, ఎవరైనా ప్రార్థన చేస్తారు," అంది. చదివిన మీరు ఎక్కడ ఉంటే అక్కడే ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. పెంచిన చేతులు ఖాళీ అయిన ఆ ఇంట్లో, ప్రభువా, నువ్వు కూర్చో అని అడుగుదాం.