నోరు మూసుకున్న పది రోజులు

చీపురుపల్లి బజారులో మా కిరాణా కొట్టు గల్లా దగ్గర నేను పద్దెనిమిదేళ్లుగా కూర్చుంటున్నాను. సరుకంతా లోపల గోదాములో ఉంటుంది. తూచి ఇచ్చేది మా ఆయన. ఆయనకు చెవి కొంచెం మందం. అందుకని కందిపప్పు రెండు కిలోలు, బెల్లం అరకిలో అంటూ వచ్చిన ప్రతి మనిషి మాటా నేను గొంతెత్తి లోపలికి అరిచేదాన్ని. పొద్దున్న దేవుడి ముందు కూర్చుని నామాలు చదువుకుంటున్నా అంతే. మధ్యలో పాలమనిషికో, సరుకు దించడానికొచ్చిన వాళ్లకో జవాబు అరవడం, ఏ నామం దగ్గర ఆపానో మరిచిపోయి మళ్లీ మొదటికి రావడం.

కిందటేడు వేసవిలో గొంతు బొంగురుపోయింది. కషాయాలు తాగాను, మిరియాలు నమిలాను. రెండు నెలలు గడిచేసరికి నోరు తెరిస్తే మాటకు బదులు గాలి వస్తోంది. విజయనగరంలో డాక్టరు గారు సన్నటి గొట్టం పంపి చూసి, లోపల బుడిపెలు లేచాయన్నారు. పది రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుసలు కూడా పనికిరావు, అప్పటికీ తగ్గకపోతే ఆపరేషనే అన్నారు.

మర్నాడు కొట్లోనే మౌనం పట్టాను. నాకూ చెవుడు వచ్చిందనుకుని జనం నా మొహమ్మీదకొచ్చి అరవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం లోపు నాలుగుసార్లు మాట్లాడేశాను. అలా అయితే పది రోజులు కాదు, పదేళ్లయినా ఆ గొంతు బాగుపడదని నాకే తెలిసిపోయింది.

ఆ రోజు సంత. కళింగపట్నం నుంచి ఎండుచేపలు అమ్మకానికి తెచ్చే ఆవిడ ఎప్పటిలాగే మా మెట్ల మీద గంప దించి మంచినీళ్లు అడిగింది. పన్నెండేళ్ల పరిచయం. నాకంటే పెద్దది, అక్క వరస కలిపి అప్పా అని పిలుస్తాను. నా సంగతి మా ఆయన చెప్పగా విని, చెంబు కింద పెట్టి నా వైపు చూసింది.

"ఇక్కడ కూకుంటే నీకు గొంతు రాదమ్మా. మా ఊరొచ్చీ. నువ్వు మాటాడక్కర్నేదు, నీ బదులు నేను మాటాడతాను."

ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. ముక్క ముట్టని ఇంటి మనిషి చేపలు ఎండే చోట ఎలా ఉంటుందని తోడికోడలు నవ్వింది. కొట్టు మాటేమిటని మా ఆయన అడిగారు. నేను బిల్లు కాగితం వెనక "వెళ్తున్నాను" అని రాసి ఆయన చేతిలో పెట్టాను. వెళ్లనా అని రాయలేదు. ఆ ఇంట్లో నేను అడగకుండా చెప్పిన మొదటి మాట అదే. ఫోను చేస్తే ఎలా అన్నారు. ఫోను చెవికి ఆనించుకుంటే ఆయనకు బాగానే వినిపిస్తుంది కనుక, గోటితో దాని మీద ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు అని ఇద్దరం అనుకున్నాం.

శ్రీకాకుళంలో బస్సు మారి కళింగపట్నంలో దిగేసరికి ఎండుచేపల వాసన గుప్పుమంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోబోయి, ఎదురొస్తున్న అప్పను చూసి సిగ్గుపడి వదిలేశాను. ఆవిడ నాకోసం వెనక గది కడిగి, కొత్త గిన్నెలు రెండు కొని తెచ్చి పెట్టింది. "ఈటిల్లో సేప ఎప్పుడూ ఒండనేదమ్మా, నీ పప్పు నువ్వొండుకో" అంది. ఆ మాటకు ఆవిడ చేతులు పట్టుకున్నాను.

మొదటి మూడు రోజులూ నిద్రపోయాను. అన్నం తిని నిద్ర, లేచి మళ్లీ నిద్ర. అంత అలసట ఎక్కడ దాచుకున్నానో తెలియదు. మెలకువగా ఉన్నంతసేపూ తలలో కొట్టు అరుస్తూనే ఉంది. కిలో ఇది, అరకిలో అది. నోరు మూసుకున్నంత మాత్రాన మనిషికి మౌనం రాదని అప్పుడు తెలిసింది.

నాలుగో రోజు ఊరికే కూర్చోలేక అప్ప వెంట ఒడ్డుకు వెళ్లాను. ఇసుకలో వలలు పరిచి వాటి మీద చేపలు ఆరబెట్టారు. ఆవిడ నా చేతికి ఒక కర్ర ఇచ్చి కాకులు తోలమంది. జన్మలో చేప ముట్టని నేను చేపలకు కాపలా కూర్చున్నాను. అరిచి తోలడానికి వీల్లేదు కదా, కర్రతో ఇసుక మీద కొట్టేదాన్ని. కాకి లేచిపోయాక మళ్లీ కెరటాల చప్పుడే. అలా కూర్చుని ఉండగా, పనేం లేదు కనుక, ఒక కెరటానికి ఒక నామం చొప్పున లోలోపల అనుకోవడం మొదలుపెట్టాను. కెరటం తొందరపడదు, నేనూ పడలేదు. ఎప్పుడు పూర్తయ్యాయో గాని చివరి నామం దాకా వచ్చాను. ఒక్కటి తప్పిపోలేదు. కళ్లు తుడుచుకుంటుంటే అప్ప చూసి, ఎండ కాబోలని తలగుడ్డ తెచ్చి కప్పింది.

ఎనిమిదో రోజు మా ఆయన ఫోను. పెళ్లివారి సరుకుల జాబితా చాంతాడంత వచ్చిందని, తన వల్ల కాదని, మిగతా రెండు రోజులూ ఇంట్లో మూల గదిలో కూర్చుందువు గాని వచ్చేయమని చెప్పారు. నా చెయ్యి సంచి మీదకే వెళ్లింది. వెళ్తే ఏమవుతుందో కూడా తెలుసు. మూల గది కాదు, గల్లానే. ఫోను మీద రెండుసార్లు తట్టాను.

"రావేటి?"

మళ్లీ రెండు.

"అయితే నేనే సూసుకోవాలా?"

ఒక్కసారి తట్టాను. పక్కన కూర్చుని అంతా వింటున్న అప్ప చాలాసేపు నవ్వింది. గొంతు లేకుండా నేనూ నవ్వాను. యుద్ధం గెలిచొచ్చిన వాళ్లకు ఒళ్లు ఇలాగే తేలికవుతుందేమో.

పది రోజులు పూర్తయిన మర్నాడు నోట వచ్చే మొదటి మాట దేవుడి పేరే కావాలని గట్టిగా అనుకున్నాను. తెల్లారి లేచి సముద్రం దగ్గరకు బయల్దేరుతుంటే, పొయ్యి దగ్గర నుంచి అప్ప టీ తాగుతావేటి అని అడిగింది. "తాగుతానప్పా" అనేశాను. జీర లేదు, గరగర లేదు. ఆవిడ గిన్నె దించి వచ్చి నా గడ్డం పట్టుకుంది.

"నీ గొంతు ఇలాగుంటాదా? ఇన్నేళ్లూ నీ అరుపే ఇన్నాను."

దేవుడి పేరు టీ తాగాక చెప్పాను. ఒడ్డున నిలబడి, పైకే.

విజయనగరంలో డాక్టరు గారు చూసి బుడిపెలు చాలావరకు కరిగాయన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు. ఇంటికి వెళ్లేసరికి పెళ్లి సరుకులు వెళ్లిపోయి ఉన్నాయి, తప్పు జరిగిందని పెళ్లివారి నుంచి ఒక్క మాట రాలేదట. గల్లా దగ్గర నొక్కితే గోదాములో మోగే బెల్లొకటి మా ఆయన పెట్టించారు. జనం ఇప్పుడు చీటీ రాసి ఇస్తారు, నేను నొక్కుతాను, ఆయన వచ్చి తీసుకుంటారు. ప్రతి నెలా ఒక ఆదివారం నేను మాట్లాడను. మొదట్లో నవ్విన తోడికోడలే ఆ రోజు మా ఇంటికి ఎవరినీ రానివ్వదు.

మొన్న మాఘమాసంలో మా ఆయన తన సంచి తనే సర్దుకుని వచ్చి నా ముందు నిలబడ్డారు. శ్రీకూర్మం సత్రంలో నాలుగు రోజులుండి వస్తానన్నారు. పెళ్లయ్యాక ఆయన ఒంటరిగా ఎక్కడికీ వెళ్లింది లేదు. కొట్టు ఎలా అని నేను అడగలేదు. బస్సు దాకా వెళ్లి ఎక్కించి, వచ్చి సరుకు నేనే తూచాను. మూడో రోజు ఆయన ఫోను చేసి అంతా బాగానే ఉందా అన్నారు. బాగానే ఉంది, ఆ నాలుగు మీద ఇంకో రెండు రోజులుండి రండి అన్నాను.