కేక వినిపించినా ఊదని ఈల

మొక్కజొన్న కోసేసిన పొలాల మీద మంచు నీలంగా పరుచుకునే కాలంలో, అమెరికాలోని ఇండియానా పల్లెల్లో వెలుతురంతా బడి జిమ్‌లోనే, అంటే ఆటల హాల్లోనే ఉంటుంది. రోవీనా స్ట్రౌప్ పగలు ఉత్తరాలు పంచుతుంది. శుక్రవారం సాయంత్రం చారల చొక్కా తొడుక్కుని ఆడపిల్లల బాస్కెట్‌బాల్ ఆటలకు రిఫరీగా నిలబడుతుంది.

కిందటేడు ప్లమ్‌రిడ్జ్ అనే ఊరి జిమ్‌లో ఆమె ఒక తప్పు చేసింది. వెనకనుంచి "టైమవుట్!" అని ప్లమ్‌రిడ్జ్ కోచ్ గ్రూబ్ కేక పెట్టాడు. చెవి విన్నదే తడవుగా ఈల మోగింది. కళ్లు మాత్రం చూడలేదు. ఆట సాగుతుండగా, బంతి ఎవరి అదుపులో ఉంటే ఆ జట్టుకే విరామం ఇవ్వాలి. ఆ క్షణాన బంతి ఎదుటి జట్టు పిల్ల చేతిలో ఉంది, బుట్ట దాకా అడ్డులేని దారి. ఆ పిల్ల పరుగు ఈల దగ్గరే ఆగిపోయింది.

అప్పటినుంచి హోటల్లో ఒకటే గోల: "టైమవుట్ తల్లి వచ్చిందర్రా! కప్పు ఎవరి చేతిలో ఉందో చూసి మరీ కాఫీ పొయ్యండి!"

ఆమె నవ్వి ఊరుకునేది. కానీ ఉత్తరాలు పంచేటప్పుడు ఎవరు పిలిచినా, చేతిలోని కవరును కళ్లారా చూసుకున్నాకే తలతిప్పడం అలవాటు చేసుకుంది.

ఈ ఏడు మళ్లీ అదే జిమ్. రిఫరీలను ఎంపిక చేసే డ్వేన్ కెస్లర్ ఆమెకు జత రిఫరీగా దిగాడు.

"టోర్నమెంటుకు నీ పేరు రాయాలనే ఉంది రోవీనా. మళ్లీ అలాంటిది జరిగితే మాత్రం నా వల్ల కాదు."

"జరగదు."

చివరి క్షణాలు. ప్లమ్‌రిడ్జ్ ఒక్క పాయింటు ముందుంది. బంతి జారింది. దాని కోసం రెండు జట్ల నుంచీ చెరో పిల్ల నేల మీదికి దూకారు. వెనక గ్రూబ్ గొంతు చించుకుంటున్నాడు: "టైమవుట్! టైమవుట్!" జనమంతా లేచి నిలబడ్డారు. ఈల ఆమె పళ్ల మధ్యే ఉంది. ఆమె మోకాళ్లు వంచి చూసింది. వేళ్లు, జుట్టు, చెమట. వాటి నడుమ ఎవరికీ చిక్కకుండా బంతి. ఊదలేదు.

ఎదుటి జట్టు పిల్ల దాన్ని లాక్కుని పరుగెత్తి బుట్టలో వేసింది. ఆట ముగిసిన గంట మోగింది; ప్లమ్‌రిడ్జ్ ఓడింది.

"చెవుడామ్మా నీకు?" గ్రూబ్ మీదికొచ్చాడు. "ఎన్నిసార్లు అరవాలి?"

"అన్నీ విన్నాను కోచ్. బంతి మీ పిల్లకు దక్కలేదు."

పైనుంచి పాప్‌కార్న్ పొట్లం వచ్చి భుజానికి తగిలింది. ఆమె దులుపుకోలేదు. తలెత్తుకుని ఆ అరుపుల మధ్యనుంచే నడిచింది.

తలుపు దగ్గర డ్వేన్ దారి ఇచ్చాడు. "టోర్నమెంటులో దీనికి రెట్టింపు తిడతారు, తెలుసుగా?"

"తిట్టనీ," అంది రోవీనా. "ఎప్పుడు రమ్మంటారు?"