బట్టీలో పడిన చరిత్ర

నా చిన్నప్పుడు మా ఊళ్లో నాకంటే తెలివైనవాడు లేడని నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకంతోనే ఒక పెద్దమనిషిని మోసం చేయబోయాను. చివరికి అది మోసం కూడా కాలేకపోయింది. అబద్ధం కూడా సరిగ్గా ఆడటం చేతకాని వెధవనని అలా తేలింది.

మాది సత్తెనపల్లికి గంట ప్రయాణంలో, మిరప చేల మధ్య ఒక ఊరు. ఊరికి మైలున్నర దూరాన, చేలకవతల ఒక మట్టి దిన్నె ఉంది. ఒకప్పుడు అది పెద్ద బౌద్ధ స్తూపమట. నాకు ఊహ తెలిసేనాటికి అక్కడ నాలుగు ఇటుక ముక్కలు, బోలెడు పల్లేరుకాయలు మాత్రం మిగిలాయి. అయినా రెండు మూడు నెలలకొకరు, ఏదో పుస్తకంలో చదివి, బస్సు దిగి దాని కోసం అడిగేవారు. వాళ్లను తీసుకెళ్లి చూపించడం మా తాతయ్య తనంతట తాను పెట్టుకున్న పని. కాయ కోత మధ్యలో ఉన్నా సరే, తలకు తుండు చుట్టుకుని బయల్దేరేవాడు.

"ఏం సాయిబూ, మీ మసీదూ కాదు, మా గుడీ కాదు. ఆ బుద్ధుడి గోల నీకెందుకయ్యా?" అని టీ కొట్టు దగ్గర ఆటపట్టించేవారు.

"బుద్ధుడి పుణ్యాన మా మనవడికి కాస్త బుద్ధొస్తుందేమోనని" అనేవాడు తాతయ్య. అందరూ నవ్వేవారు. ఆయన మాత్రం నేల చూపులు చూసేవాడు. ఎందుకో నాకప్పుడు పట్టలేదు.

శుక్రవారాలు తాతయ్య నమాజుకు సత్తెనపల్లి వెళ్లేవాడు. అలాంటి ఒక శుక్రవారం, మంచి ఎండల్లో, ఎవరైనా వస్తే దిన్నె దాకా తీసుకెళ్లమని నాకు అప్పగించి బస్సెక్కాడు. మధ్యాహ్నం మూడు కావస్తుండగా ఒక ముసలాయన బస్సు దిగాడు. బక్కపలచటి మనిషి, తెల్లబట్టలు, భుజాన గుడ్డసంచి. నాగపూర్ వైపు నుంచి వచ్చాడని తర్వాత తెలిసింది. హిందీలో ఏదో అడిగాడు. పేరుకు సాయిబులమే గాని మాకు ఉర్దూ పేర్లలో ఉండేది, నోట్లో ఉండేది కాదు. ఇక బళ్లో నేర్చిన హిందీలో నాకు గుర్తున్నవి రెండే ముక్కలు. స్తూపం అన్న మాట మాత్రం అర్థమైంది.

చేల మధ్య బాట వైపు చూశాను. పెనంలా కాలుతోంది. నా కాళ్లకు చెప్పులు లేవు. ఇటు చూస్తే బస్సాగే చోటికి పది అడుగుల్లోనే పాత సున్నపు బట్టీ. అది మూతబడి ఏళ్లయింది. దాని బూడిద, కాలీకాలని రాళ్లు కలిసి చిన్న గుట్టలా పేరుకున్నాయి. అది కూడా దిన్నెలాగే ఉంది కదా అనిపించింది.

"యహీ హై" అన్నాను, ఇదేనని. ఉన్న రెండు ముక్కలూ అబద్ధానికి సరిపోయాయి.

ఆయన ఆ గుట్టను చాలాసేపు చూశాడు. ఆ మండే నేల మీద బూట్లు విప్పేశాడు. సంచిలోంచి ఒక పాత చీర ముక్కలో కట్టిన ఎండు చామంతులు తీసి, సగం ఆ బూడిద మీద పెట్టాడు. చేతులు జోడించి చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. ఏడుస్తున్నాడు, చప్పుడు లేకుండా. సాయంత్రం స్నేహితులకు చెప్పి నవ్విద్దామని దాచుకున్న నవ్వు నా గొంతులోనే ఎండిపోయింది.

సరిగ్గా అప్పుడే తాతయ్య బస్సు వచ్చింది.

"ఏరా, ఏం చూపించావు?"

"దిన్నె."

"ఏ దిన్నెరా?"

నేను తలెత్తలేదు. చెంప పగులుతుందని కళ్లు మూసుకున్నాను. తాతయ్య నన్ను దాటుకుని వెళ్లి, తన చెప్పులూ విప్పి, ఆ గుట్ట దగ్గర నిలబడ్డాడు. వయసులో ఉన్నప్పుడు నిజాం వైపు తాపీ పనికి వెళ్లినవాడు కాబట్టి ఆయనకు ఆ భాష వచ్చు. చాలాసేపు మాట్లాడాడు. నాకు అర్థం కాలేదు గాని, వింటూ వింటూ ఆ ముసలాయన మెల్లగా బూడిదలోనే కూలబడటం చూశాను. ఆయన ముందు మా తాతయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తప్పు చేసింది నేను కాదు, తనే అన్నట్టు.

తర్వాత ఇద్దరూ చేల బాట పట్టారు. నన్నెవరూ రమ్మనలేదు. అరికాళ్లు బొబ్బలెక్కుతున్నా వెనకే నడిచాను. మిగిలిన సగం పూలు ఆయన అసలు దిన్నె మీద పెట్టాడు. సాయంత్రం బస్సెక్కే ముందు బట్టీ దగ్గరికి మళ్లీ వచ్చి, చీర ముక్కలో చారెడు బూడిద కట్టుకున్నాడు. నా తల మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు.

"ఏమన్నాడు తాతయ్యా?"

"నువ్వు సరిగ్గానే చూపించావంటున్నాడు."

ఆ మాట కంటే చెంపదెబ్బే నయం.

ఇంటికి నడుస్తూ తాతయ్య చెప్పాడు. ఆ ముసలాయన ఉద్యోగం నుంచి రిటైరయ్యాక భార్యాభర్తలిద్దరూ ఈ స్తూపం చూడాలనుకున్నారట. నిరుడు ఆమె పోయింది. ఆ చీర ఆమెదే. అది చెప్పి తాతయ్య వెనక్కి తిరిగి బట్టీ వైపు చూశాడు.

"ఆ దిన్నె నిండా చలువరాళ్లుండేవిరా. తామరపూలు, గుర్రాలు, ఆడవాళ్ల బొమ్మలు. మంచి సున్నం దిగుతుందని మా నాయన గునపాలతో పెకలించి బండ్ల మీద తోలించాడు. బట్టీలో నేనూ పేర్చాను. మొహాలు కిందికి పెట్టి పేర్చరా అనేవాడు. చూస్తే చెయ్యి ఆడదని. ఇన్నేళ్లూ వచ్చినవాళ్లకు దిన్నె ఒక్కటే చూపించాను. బట్టీ దగ్గరికి ఒక్కణ్ణీ తేలేదు. నువ్వు తెచ్చావు."

బళ్లో చరిత్ర పాఠాలు బట్టీ పట్టి పదికి పది తెచ్చుకున్నవాణ్ణి నేను. మా ఊరి చరిత్ర బట్టీలో పడిందని ఆ సాయంత్రం దాకా తెలియదు. ఇల్లు చేరాక, రోజూ వీపు ఆనించి కూర్చునే గోడకు ఆనలేకపోయాను. ఆ గోడ సున్నంలో ఎవరి మొహం ఉందో.

అప్పట్నుంచి తాతయ్య వచ్చినవాళ్లకు రెండూ చూపించేవాడు. ముందు దిన్నె, తర్వాత బట్టీ. ఆయన పోయాక ఆ పని నాకొచ్చింది. ఇప్పుడు జనం కార్లలో వస్తున్నారు, ఫోన్లో దారి చూసుకుంటున్నారు. దిన్నె దాకా ఫోనే తెస్తుంది. బట్టీ దాకా మాత్రం నేను నడిపించాలి. ఉన్నది ఎవరైనా చూపిస్తారు. మనం పోగొట్టుకున్నదాన్ని, అదీ మన చేతులతో పోగొట్టుకున్నదాన్ని, కొత్తవాడి ఎదుట నిలబడి చూపించడమే ఇప్పటికీ నాకు కష్టం. అయినా చూపిస్తాను.

మొన్నామధ్య దిన్నె దగ్గర ఒక పెద్ద బోర్డు పాతారు. "కాలగర్భంలో కలిసిపోయిన మహాస్తూపం" అని రాశారు. చదివి వారం రోజులు ఓర్చుకున్నాను. పాపం, కాలానికి నోరు లేదని ఎంత తేలిగ్గా దాని మీదికి నెట్టేశారు. ఎనిమిదో రోజున గేటుకు వేయగా మిగిలిన రంగు తీసుకెళ్లి, కిందనే లావుపాటి అక్షరాలతో రాశాను: "కాలం కాదు. మేమే కాల్చాం."

ఎవరో వచ్చి చెరిపేశారు. మళ్లీ రాశాను. రెండోసారి చెరపడానికి వచ్చిన కుర్రాడు నన్ను అక్కడే పట్టుకున్నాడు.

"ఏంటి పెద్దాయనా, గవర్నమెంటు బోర్డు పాడుచేస్తున్నావు?"

"పాడు చేయడం మా ఇంటి వృత్తి నాయనా. ఈసారి దిద్దుతున్నాను" అన్నాను.

వాడు ఆ అక్షరాల వంక చూసి, చెరపడానికి తెచ్చిన గుడ్డ జేబులో పెట్టుకుని బండెక్కి వెళ్లిపోయాడు.