లిమా మందిరం మెట్ల మీద నా బూట్లు

నా పాదాలకు రాయి తగలకుండా కాచిన దేవునికి ముందుగా స్తోత్రం. బూట్లు ఉన్నప్పుడూ కాచాడు, లేనప్పుడు ఇంకాస్త ఎక్కువగా కాచాడు. ఆయన నామానికే మహిమ.

ఆ రోజుల్లో భయమనేది ఇతరుల కోసం పుట్టిందని నా గట్టి నమ్మకం. డార్మ్‌స్టాట్‌లో మాస్టర్స్ చదువుతూ, ఆదివారాలు రైలెక్కి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మా తెలుగు సహవాసానికి వెళ్లేదాన్ని. ఒకసారి ప్రార్థన మనవులు చెప్పే వేళ లేచి, సెలవుల్లో వీపున సంచి తగిలించుకుని ఒక్కదాన్నే దక్షిణ అమెరికా వెళ్తున్నాను, ముందు లిమా, తరవాత కొండలు, ప్రార్థించండి అన్నాను. ప్రార్థించడం మానేసి అందరూ నన్నే చూశారు. కీబోర్డు వాయించే వరంగల్ అన్నయ్య కూటం అయ్యాక బిర్యానీ గిన్నె దగ్గర పట్టుకున్నాడు. “ఆఫీసుల అడ్రసు రాయించే అన్‌మెల్డుంగ్ టెర్మిన్‌కే భయమైతుందని నన్ను తోల్కపోతివి. ఇప్పుడు లిమాకు ఒక్కదానివే పోతవా చెల్లె?” పాస్టరమ్మగారు మెల్లగా నచ్చజెప్పబోయారు. దేవుడు తోడుండగా ఒక్కదాన్ని ఎలా అవుతానండీ అని అడిగాను. (ఈ ప్రశ్నకు విశ్వాసుల దగ్గర జవాబు ఉండదు. ఉండదని తెలిసే అడిగాను.)

అమ్మ మాత్రం గుంటూరు నుంచి ఫోన్లో ఒక షరతు పెట్టింది. రోజూ సాయంత్రం తల నుంచి కాళ్ల దాకా కనపడేలా ఫోటో పంపాలి. ఏ దెబ్బ తగిలినా, ఒంటి మీద ఏది పోయినా, కొండల సంగతి మరిచిపోయి దొరికిన మొదటి విమానం ఎక్కాలి. మోకరించి మరీ మాటిచ్చాను.

లిమాలో దిగాక నాకు పట్టపగ్గాల్లేవు. కారు రాకపోయినా ఎర్రదీపం ముందు నిలబడడం డార్మ్‌స్టాట్‌లో నేర్చుకున్న కాళ్లకు, ఆ రోడ్డు చూడగానే గుంటూరు గుర్తొచ్చింది. వ్యాను తలుపుకు వేలాడుతూ ‘సూబే, సూబే’ అని అరిచే కండక్టరు ఎక్కమంటున్నాడని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎక్కేదాన్ని. ఎక్కడికి పోతుందో దిగాకే తెలిసేది. ఒకసారి సముద్రపు ఒడ్డున తేలాను, ఒకసారి చేపల బజారులో. సూర్యుడి జాడ లేని ఆ బూడిదరంగు ఆకాశం కింద గడ్డం పైకెత్తి ఫోటోలు దిగి, అమ్మతోబాటు వరంగల్ అన్నయ్యకు కూడా పంపాను, కుళ్లుకోమని.

మూడో రోజు ఆదివారం. బజారు వెనక చిన్న మందిరం కనిపించింది. లోపల పాటలు, మెట్ల పక్కన అట్టపెట్టె, దానిలో రెండు మూడు జతల చెప్పులు. ఆహా, చెప్పులు చెదిరిపోకుండా పెట్టె కూడా పెట్టారు, ఎంత భక్తి అనుకుని నా కొత్త కొండబూట్లు విప్పి, అందులో ఒద్దికగా సర్దాను. (ఫ్రాంక్‌ఫర్ట్‌లో అద్దె హాలైనా మేం గుమ్మం బయటే విడుస్తాం.) లోపలికెళ్తే అందరి కాళ్లకూ బూట్లున్నాయి. పాపం వీళ్లకు నేర్పినవాళ్లు లేరని జాలిపడ్డాను. అతిథినని ముందుకు పిలిచారు. చున్నీ తల మీద కప్పుకుని, చిల్లుపడ్డ మేజోడులోంచి బొటనవేలు లోకాన్ని చూస్తుండగా, దేవుడు ఈ ఊళ్లో నా గుండుసూది కూడా పోకుండా కాపాడాడని సాక్ష్యం చెప్పాను. ఇంగ్లీషు వచ్చిన ఒక పెద్దావిడ అనువదించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

బయటికొస్తే బూట్లు లేవు. ఆ పెట్టె బీదల కోసమట. ఎవరో ముసలాయన తొడుక్కుని, దేవునికి దండం పెట్టుకుని వెళ్లాడని, గుమ్మం దగ్గరివాళ్లను అడిగి ఆ పెద్దావిడ నవ్వు ఆపుకుంటూ చెప్పి, అదే పెట్టెలోంచి గులాబీరంగు ప్లాస్టిక్ చెప్పులు తీసిచ్చారు. ముందు పెద్ద పువ్వు.

సాయంత్రం ఫోటో. తల నుంచి మోకాళ్ల దాకానే తీస్తే కొండలు దక్కుతాయి, కానీ మాట మోకరించి ఇచ్చింది. పువ్వు కనపడేలా నిలబడి, ఎన్నడూ లేనంత గడ్డం ఎత్తి పంపాను. వెంటనే ఫోన్.

“బూట్లేయే?”

“పోయాయి. నేను పోలేదు కదా? విమానం ఎక్కను.”

“మోకరించి ఇచ్చిన మాటేమయింది?”

“బైబిల్లో మండే పొద దగ్గర చెప్పులు విప్పమన్నది ఎవరమ్మా, దేవుడు కాదూ? మందిరం బయట విడిచా. లోపలికి వేసుకుపొమ్మంటావా?”

చిన్నప్పుడు చెప్పులతో మందిరం గడప తొక్కినందుకు నా వీపు పగలగొట్టింది ఆవిడే.

“నేర్పింది నేనే కదా, ఏమనను,” అంది అమ్మ. “ఈసారి సంచిలో పెట్టుకో. కొండల మీద చలిగా ఉంటుందేమో, బూట్లు కొనుక్కో.”

వెళ్లాను, చూశాను, వచ్చాను. ఇప్పుడు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం. పక్క ఊళ్లో రాత్రి ఉండాలన్నా హోటల్ గురించి నలుగురు రాసింది చదవందే కదలను. ఆ గులాబీ చెప్పుల పిల్ల ఎదురైతే నన్ను చూసి ఎంత నవ్వుతుందో. నవ్వనీ, దానికి ఆ హక్కుంది.

నాతో కలిసి ప్రార్థించండి. ఆ బూట్లు తొడుక్కున్న తాత మోకాళ్ల కోసం, ఒంటరిగా బయలుదేరే ఆడపిల్లల కోసం, వాళ్ల ఫోటోల్లో ముందు కాళ్లు వెతికే అమ్మల కోసం. చివర్లో నా కోసం కూడా ఒక్క మాట: ప్రభువా, దీన్ని మళ్లీ ఒకసారి ఊరు పేరు అడక్కుండా వ్యాను ఎక్కించు.