కింది అరలోని ఈగలు

జువాలజీ మేడం పోయారని కుప్పం నుంచి ఆమె తమ్ముడు పోయిన మంగళవారం ఫోన్ చేసి చెప్పారు. పొద్దున కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. సరేనండీ, వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఏడుపు రాలేదు. ఈ మధ్య చావు కబురు వింటే దుఃఖం కంటే ముందు అలుపు వస్తోంది. బస్సు పుంగనూరు దాటాక మాత్రం ఆపుకోలేకపోయాను. పక్క సీటామె నీళ్ల సీసా అందించి, ఏమీ అడగకుండా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మదనపల్లెలో మేమిద్దరం ఒకే కాలేజీలో పనిచేశాం. ఆమె పాఠం చెప్పేవారు, నేను ల్యాబ్ అసిస్టెంట్‌ని. కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, దాని కోసం బల్లలన్నీ వెతికే మనిషి. ఎదురుగా నిలబడి నేను నవ్వితే, నవ్వింది చాలు, యాడుందో చెప్పమని కసురుకునేవారు. పిల్లలు ఏదైనా అడిగినప్పుడు తెలియకపోతే, తెలియదని బోర్డు మీద రాసి, కింద తేదీ వేసేవారు. తెలిసిన రోజు వెళ్లి ఆ పిల్లలను వెతికి పట్టుకుని మరీ చెప్పేవారు.

తొంభైల చివర్లో, యాభై దాటిన వయసులో, ఆమె పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకున్నారు. పిల్లాపాపా లేరు, పెళ్లి చేసుకోలేదు. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవాలని ఒక్కటే ఆశ. ఆ మాట నాతో సిగ్గుపడుతూ చెప్పారు. ఆమె తీసుకున్న విషయం ఒక పెప్టైడ్. నాలుగు అమైనో ఆమ్లాలను ప్రయోగశాలలో దండలా గుచ్చి తయారుచేసిన మందు అన్నమాట. అది ముసలితనాన్ని వెనక్కి నెడుతుందేమోనని విదేశాల్లో పరిశోధనలు చేస్తున్నారట. బెంగళూరులోని గైడ్ దాన్ని చిన్న సీసాలో, ఐసుగడ్డల మధ్య పెట్టి ఇచ్చారు. మేడం దాన్ని పండ్ల ఈగల మేతలో కలిపి, అవి ఎన్నాళ్లు బతుకుతాయో చూడాలి.

ఈగలకేం కరువు? టమాటా మార్కెట్ యార్డులో కుళ్లిన కాయల మీద ముసిరినవాటినే పట్టుకొచ్చి పెంచాం. రవ్వ, బెల్లం, ఈస్టు కలిపి మేత ఉడికించేదాన్ని నేను. సీసాలకు దూది బిరడాలు. సగం సీసాల్లో మందు కలిపిన మేత, సగంలో ఉత్తి మేత. రోజూ పొద్దున్నే చచ్చినవాటిని లెక్కపెట్టి పుస్తకంలో ఎక్కించాలి. ఆదివారం లేదు, పండగ లేదు. ఊళ్లో ఆమెకు ఈగల మేడం అని పేరు పడింది. ఆమె మాత్రం ఏ ఈగనూ చచ్చిందనేవారు కాదు, అయిపోయిందనేవారు.

మందు తిన్న ఈగలు నిజంగానే ఎక్కువ రోజులు బతికాయి. మళ్లీ చేశాం, మళ్లీ అంతే. ఆ రెండేళ్లూ మేడం నడక మారిపోయింది. గైడ్ ఇక థీసిస్ రాసేయమన్నారు.

అప్పుడే పుంగనూరు దగ్గరి పల్లె నుంచి ఒక పట్టు రైతు తన కూతురి హాజరు సంగతి మాట్లాడడానికి ల్యాబ్‌కి వచ్చాడు. మేడం రిజిస్టరు చూస్తుంటే ఆయన సీసాలున్న రాక్ వైపు చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"యాలమ్మా ఈ సీసాలు ఎప్పుడూ ఒకే తావులో పెట్టుండారు? మేము పురుగు తట్టల్ని దినామూ కిందివి పైకి, పైవి కిందికి మారుస్తామే. రేకుల కప్పు కింద పైవాటికి కాక ఎక్కువ తగుల్తాది కదమ్మా."

మేడం రిజిస్టరు మూసేశారు. మందు సీసాలన్నీ కింది అరలో ఉన్నాయి, ఉత్తి మేత సీసాలన్నీ పై అరలో, రేకుల కప్పుకు జానెడు దూరంలో. చల్లగా ఉంటే ఈగ ఎక్కువ రోజులు బతుకుతుందని ఆమే పాఠం చెప్పేవారు. అలా పెట్టింది నేను. ఖరీదైన మందు, పైన పెడితే చెయ్యి తగిలి పడుతుందని నా భయం. రెండేళ్లు రోజూ తుడిచి, రోజూ అక్కడే పెట్టాను. రైతు వెళ్లాక ఆమె ఎదుట నిలబడలేకపోయాను.

"నువ్వు పెట్టినావు, నేను దినామూ సూసినాను," అన్నారు మేడం. "సదువుకున్నదాన్ని నేను. తప్పు నాది. నీళ్లు తాగిరాపో."

మిగిలిన మందు ఒక్క విడతకే సరిపోయింది. ఈసారి సీసాలను రోజూ మార్చాం. గ్రాఫ్‌లో మందు తిన్నవాటి గీతా, ఉత్తి మేతవాటి గీతా పక్కపక్కనే కిందికి దిగాయి. పాత లెక్కలే పంపమని, ఈ చివరిది చిన్న విడత కాబట్టి వదిలేయవచ్చని గైడ్ అన్నారు. మేడం థీసిస్‌లో రెండూ రాశారు. సీసాల అమరికలో పొరపాటు తనదేనని కూడా రాశారు. నా పేరు ఎక్కడా లేదు. మందు పనిచేస్తుందా అన్నదానికి, తెలియదు అని రాసి తేదీ వేశారు. దాంతో పట్టా రాదన్నారు గైడ్, కొత్తగా మొదలుపెట్టేలోపు పీహెచ్‌డీ గడువు అయిపోయింది. ఆ తర్వాత రిటైరై కుప్పం వెళ్లిపోయారు.

కొన్నేళ్లకు నేను చూడబోయినప్పుడు, వయసు తగ్గించే ఇంజెక్షన్లు అమ్ముతామని ఎవరో ఇంటికొచ్చి రెండు మంచి మాటలు రాసివ్వమన్నారని చెప్పారు. ఏమన్నారని అడిగాను. "ఈగల సంగతే తేల్చలేదప్పా, మనుషుల సంగతి నేనేం రాయల్ల అన్నాను," అని, మజ్జిగ తాగమని నా చేతికి గ్లాసు ఇచ్చారు.

మొన్న పెద్దకర్మ కార్డు కోసం ఆమె తమ్ముడూ నేనూ కుప్పంలో ప్రెస్‌కి వెళ్లాం. కంప్యూటర్ ముందున్న అతను తమ్ముడు చెప్పినట్టే పేరుకు ముందు డాక్టర్ అని కొట్టాడు. అన్నేళ్లు కష్టపడింది కదమ్మా, ఇప్పుడెవరు అడుగుతారు అన్నారాయన. నాకూ ఉంచాలనే అనిపించింది. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, చాలా అనిపించింది. నేను పోగొట్టిన దాన్ని ఎవరో పుణ్యాత్ముడు వేళ్లతో టకటకా కొట్టి ఇచ్చేస్తున్నాడు.

"తీసేయప్పా," అన్నాను. "ఆమె డాక్టర్ కాలేదు."

తమ్ముడి ముఖం చిన్నబోయింది. ఎందుకు కాలేదో మా అక్క ఎప్పుడూ చెప్పలేదమ్మా అన్నారు. ఈగల సంగతంతా చెప్పి, మందు సీసాలు కింది అరలో పెట్టింది నేనేనని చెప్పాను. ఇన్నేళ్లలో ఆ మాట మొదటిసారి బయటికి వచ్చింది. ఆయన నన్ను కాదు, కంప్యూటర్ ముందున్న అతన్ని చూసి, తీసేయమన్నట్టు తల ఊపారు.

అతను ఒక్కో అక్షరం చెరిపాడు. చెరిపిన కొద్దీ మేడం పేరు దానంతటదే జరుగుతూ జరుగుతూ వచ్చి, కార్డు మధ్యలో నిలబడింది.