ఎడమ మూలలు ఎర్రబడ్డ కార్డులు

“మొగుడు పోయినదానివి, పెళ్ళి కార్డులకి పసుపు నువ్వెలా రాసినావమ్మా?”

దిగపహండి నుంచి మొదటి బస్సులో పట్నం వచ్చిన జగ్గారావు, బడా బజార్‌లో విజయకుమారి కొట్టు మెట్టెక్కుతూనే అడిగిన మాట ఇది. పక్కన భార్య అమ్మడు, ఆవిడ చేతిసంచిలో కూతురి పెళ్ళి కార్డులు మూడొందలు. ముందురోజు మధ్యాహ్నం కట్టలుగా పట్టుకెళ్ళినవే. ఇంటికెళ్ళి విప్పితే పసుపు రాసిన మూలలు ఎర్రగా, రక్తం అంటినట్టు ఉన్నాయి. చూసినవాళ్ళు ఏమంటారో జగ్గారావుకు తెలుసు. దానికి ఎవరిని అనాలో బస్సులోనే తేల్చుకుని వచ్చాడు.

భర్త వేణు పోయాక తొమ్మిదేళ్ళుగా కార్డులు అచ్చేసే ఆ కొట్టును విజయకుమారి ఒక్కతే నడుపుతోంది. కర్మకాండ ముగిసిన మర్నాడే అంకులిలోని ఇంటి నుంచి వచ్చి కొట్టు తాళం తీసింది. ఎంత ధైర్యమో అని కొందరు మెచ్చుకున్నారు, ఎంత తెగింపో అని ఇంకొందరు బుగ్గలు నొక్కుకున్నారు. సంగతి రెండూ కాదు. లోపల రెండు పెళ్ళిళ్ళ పని సగంలో ఉంది, ముహూర్తాలు ఆగవు.

కార్డుకు ఒక వైపు ఒడియా, రెండో వైపు తెలుగు కావలసిన కుటుంబాలు వెతుక్కుంటూ ఆమె దగ్గరికే వస్తాయి. బంగారు పూత అట్ట కావాలంటే ఒకటి తీసి వాళ్ళ ముందే మడుస్తుంది. మడత దగ్గర పూత పగిలిపోతుంది. ఇంకేం చెప్పకుండా చవక కార్డు ముందుకు తోస్తుంది. బేరం తెలియని మనిషని పక్క కొట్టువాళ్ళు నవ్వుతారు. కట్టలో రెండు కార్డులు తక్కువైతే చేతిలోకి తీసుకోగానే చెప్పేస్తుంది. అప్పుడు ఎవరూ నవ్వరు.

పసుపు కూడా తనే రాసిస్తుంది. వంద కార్డులను పేకముక్కల్లా కొంచెం కొంచెం జరిపి, మూలల మీదుగా పసుపు వేలు ఒక్క లాగు లాగుతుంది. నాలుగు మూలలకు నాలుగు లాగులు. ఇంట్లో అయితే ముగ్గురు ముత్తయిదువలు పూటంతా కూర్చోవాలి. పని అంత తేలిగ్గా జరిగిపోతున్నన్నాళ్ళూ ఆమెకు మొగుడున్నాడో లేడో ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు గుర్తొచ్చింది. ఈ మాట దిగపహండి సంతలో పడితే ఆ చుట్టుపక్కల నుంచి ఇంకో పెళ్ళి కార్డు ఆమె కొట్టుకు రాదు. ఏడాది పొడుగునా ఆమె తినేది ఆ పెళ్ళి నెలల సంపాదనే.

విజయకుమారి సంచి అందుకుంది. కట్ట విప్పి నాలుగు కార్డులు వరసగా బల్ల మీద పరిచింది. ఒక్కో మూలా చూసింది.

“ఎడమేపు మూలలే ఎర్రబడినాయి బావూ. కుడేపు పసుప్పచ్చగానే ఉన్నాయి. సూడు. దోసం నా సేతిదైతే సగానికే ఉంటాదా?”

దోషానికి లెక్కలుండవని జగ్గారావు గొణిగాడు.

పాడైనవాటికి బదులుగా ప్రతి పనికీ పది కార్డులు ఎక్కువ వేయడం ఆమె అలవాటు. ఆ పదీ పసుపు తగలకుండా గోడ గూట్లోనే ఉన్నాయి. మొన్న అచ్చు రంగు ఆరేదాకా మిగతావన్నీ పెట్టింది కూడా ఆ గూట్లోనే. అందులోంచి ఒకటి తీసి అమ్మడు ముందు పెట్టింది. పసుపు గిన్నె, గ్లాసుతో మంచినీళ్ళు పక్కన ఉంచింది.

“ఒదినా, నువ్వు పున్నెస్త్రీవి. నువ్వు రాయి.”

అమ్మడు పసుపు తడిపి, దేవుడికి దణ్ణం పెట్టుకుని నాలుగు మూలలూ అద్దింది. ముగ్గురూ వంగి చూస్తున్నారు. కుడివైపు పసుపు పసుపుగానే ఉంది. ఎడమవైపుది ముందు నారింజ రంగుకు తిరిగింది, ఆ తరవాత ఎర్రబడింది.

అమ్మడు తన వేళ్ళకేసి చూసుకుంది. తరవాత మొగుడికేసి చూసింది.

“ఏటయ్యా, నాకూ మొగుడు పోనాడేటి? ఎదురుగా నిలబడే ఉన్నావు గదా!”

జగ్గారావు కార్డు తీసుకుని వాసన చూశాడు, అదేదో సమాధానమైనట్టు.

ఈలోగా విజయకుమారి గూటి గోడ మీద చెయ్యి రాసింది. తెల్లగా అంటింది. నాలుగు రోజుల కిందటే కొట్టుకు సున్నం వేయించింది. మొన్న ఎడమ అంచులు ఆ గోడకు ఆనేలా కార్డులు పేర్చింది. తెల్లకాగితం మీద సున్నం కనిపించలేదు. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో అక్కడున్న ముగ్గురికీ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ తెలుసు. పెళ్ళికొడుకు గుమ్మంలోకి రాగానే దిష్టి తీసే ఎర్రనీళ్ళు అవే. రోజూ చేతులతో చేసేదాన్ని కాగితం మీద చూసేసరికి గుర్తుపట్టలేకపోయారు.

ఇంకొకరైతే ఆ మాటే పట్టుకుని, ఇది శుభం, దిష్టి ముందే పోయింది, పంచుకోండి అని కార్డులు అంటగట్టి పంపేవారు. జగ్గారావు కూడా అలాంటి మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. ఆమె అనలేదు.

“సేతి దోసం కాదు గానీ, తప్పు నాదే. గోడ తడారకుండా పెట్టినాను. రేపు మజ్జాన్నానికి మళ్ళీ ఏసిస్తాను. నువ్వు పైసా ఇవ్వక్కర్లేదు.”

వీధి చివర కాగితం దుకాణం నడిపే రాజా దగ్గర అదే రకం ఖాళీ కార్డులు మూడొందలు అరువు తెచ్చింది. మర్నాడు దంపతులు వచ్చేసరికి కట్టలు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి, మూలలు తెల్లగా. పసుపు గిన్నె అమ్మడు వైపు జరిపి విజయకుమారి పక్కకు తప్పుకుంది. అమ్మడు ఒక్కొక్కటే తీసి నలభై కార్డుల దాకా రాసింది. తరవాత గిన్నె వెనక్కి తోసేసింది.

“నా వల్ల కాదు. నీ లాగుడేదో నువ్వు లాగు ఒదినా. బస్సెల్లిపోతాది.”

జగ్గారావు వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. వద్దనలేదు. విజయకుమారి కట్ట జరిపి, వేలు తడుపుకుని లాగింది. నాలుగు మూలలూ పసుపుగానే ఉన్నాయి.

ఆ పెళ్ళి జరిగిపోయింది. జగ్గారావు వీధి నుంచే ఇంకో రెండు కుటుంబాలు కార్డులకు ఆమె దగ్గరికే వచ్చాయి. గూట్లో ఇప్పుడు పాత క్యాలెండరు అట్టలు అడ్డం పెట్టి ఉన్నాయి. రెండోసారి తెచ్చిన కార్డుల ఖరీదు పద్దెనిమిది వందలు. అందులో ఆరొందలు రాజాకు ఆమె ఇంకా ఇవ్వాలి.