గేటు దగ్గర ఆపిన ఇంజను

మొన్న ఆదివారం మా ఆడపడుచు కొత్త కారు కొనుక్కుని, నాకు చూపించడానికి కొత్తగూడలోని మా అపార్ట్‌మెంటుకు వచ్చింది. పెట్రోలు అక్కర్లేని కారు. రాత్రి ప్లగ్గు పెడితే పొద్దుటికి బ్యాటరీ నిండుతుందట. నేను చుట్టూ తిరిగి చూసి, బానెట్ ఎత్తించి, ఇందులో డైనమో ఎక్కడుందే అని అడిగాను. డైనమో లేదు వదినా, ఇక దాని గొడవే లేదు అని పకపకా నవ్వింది. ఆ నవ్వు వెనక ఉన్న సంగతి పాత కార్లతో వేగిన నా ఈడువాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతుంది.

తొంభైల చివర్లో మేము మదీనాగూడలో, బొంబాయి హైవే పక్కన ఒక డాబాలో అద్దెకు ఉండేవాళ్లం. మావారు ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల విభాగం, నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇంజనీరును. అప్పట్లో ఊరంతా కరెంటు పోయినా ఫోన్లు మోగుతూనే ఉండేవి, గుర్తుందా? ఎక్స్ఛేంజి వెనక ఒక గదినిండా బ్యాటరీలు బారులు తీరి ఉండేవి, ఫోన్లకు ప్రాణం పోసేవి అవే. వాటి ఆలనాపాలనా నాది. అందుకని బ్యాటరీల విషయంలో ఎవరైనా నాకు నీతులు చెబితే నాకు ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది.

ఆ వేసవిలో మా సెకండ్‌హ్యాండ్ కారు పేచీ మొదలుపెట్టింది. పొద్దున చక్కగా స్టార్టవుతుంది, నాలుగు చోట్ల తిరిగొచ్చేసరికి నీరసించిపోతుంది. బ్యాటరీ పోయిందని మావారు తీర్పు చెప్పేశారు. హైవే మీది మెకానిక్ కూడా, "బ్యాటరీ ఖతమైంది సార్, కొత్తది ఎయ్యుండ్రి, ఇగ ఫికరే ఉండది" అన్నాడు. కొత్తది వేశారు. వారం తిరక్కుండా అదీ పడుకుంది. మావారికి అప్పుడు బ్యాటరీ అమ్మిన కొట్టు మీద అనుమానం వచ్చింది గానీ, తన తీర్పు మీద మాత్రం రాలేదు.

నేను చెప్పింది ఒకటే. బ్యాటరీ మేడ మీది నీళ్ల ట్యాంకు, డైనమో దాన్ని నింపే మోటారు. ట్యాంకు కారుతుంటే రాత్రంతా వాడకపోయినా పొద్దుటికి ఖాళీ అవుతుంది. అంటే పొద్దున్నే బండి మొరాయిస్తుంది, తోసి లేపితే ఇక రోజంతా బాగానే తిరుగుతుంది. మోటారు చెడితే మాత్రం వాడుకుంటున్న కొద్దీ ఖాళీ అవుతుంది. మాది రెండో రకం. పైగా బండి నడుస్తుండగానే డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం మిణుకుమంటోంది, హారను గొంతు రోజురోజుకూ బొంగురుపోతోంది. బ్యాటరీని నింపేదాన్ని పుస్తకాల్లో ఆల్టర్నేటర్ అంటారు గానీ రోడ్డు మీద అందరికీ అది డైనమోయే. ఆఫీసు నుంచి మీటరు తెచ్చి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీకి పెట్టి చూపించాను. ముల్లు పద్నాలుగు వోల్టుల దాకా లేవాలి. మాది పన్నెండు దగ్గర కూలబడి కిందికి చూస్తోంది. మావారు చాలాసేపు చూసి, నీ మీటరు సరైనదేనా అని అడిగారు. మెకానిక్ మాత్రం బుర్ర గోక్కుని, "డైనమోనే అక్కా. రేపు పొద్దుగాల ఇప్పుత" అన్నాడు.

ఆ రేపటి పొద్దునే మా ఆడపడుచుకు ఇంటర్వ్యూ. కంప్యూటర్ కోర్సు ముగించుకుని ఒంగోలు వైపు నుంచి మా ఇంటికొచ్చి ఉంది. హైటెక్ సిటీ అని కొత్తగా పేరుపెట్టిన రాళ్లగుట్టల మధ్య అద్దాల భవనంలో పదింటికి రమ్మన్నారు, ఆలస్యమైతే లోపలికి రానివ్వమని ఫోనులోనే చెప్పేశారు. ఇది తప్పిపోతే జూన్ నుంచి ఊళ్లో కాన్వెంటులో టీచరుగా చేరుతుందని మా మామగారు మాట ఇచ్చేసి ఉన్నారు. ఆ పిల్ల కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. ఆ రోజుల్లో అటు బస్సులు అరుదు, తిరుగు సవారీ దొరకదని ఆటోలు వచ్చేవి కావు. డైనమో తర్వాత, ముందు పిల్లను చేర్చాలి అన్నాను. రాత్రి బ్యాటరీని మెకానిక్ దగ్గర ఛార్జింగుకు పెట్టాం. కరెంటు కోతల పుణ్యమా అని సగమే నిండింది. ఉన్నదాన్ని పొదుపుగా వాడుకుంటే చేరతామని నాకు నమ్మకం. పాటలు లేవు, ఫ్యాను లేదు, హారను కొట్టకూడదు, అన్నిటికీ మించి అక్కడికి చేరేదాకా ఇంజను ఆపకూడదు. మావారు అన్నిటికీ తలూపారు.

హఫీజ్‌పేట్ రైల్వే గేటు పడి ఉంది. గేటు పడితే ఇంజను ఆపి పెట్రోలు మిగుల్చుకోవడం మా తరానికి ఒక వ్రతం, పైగా మావారు లెక్కల మనిషి. చెయ్యి దానంతటదే వెళ్లి తాళం తిప్పేసింది.

"ఏమండీ!" అన్నాను. ఆయన కంగారుగా మళ్లీ తాళం తిప్పితే స్టార్టరు ఒక్కసారి మూలిగింది. ఇక ముట్టుకోవద్దని చెయ్యి పట్టుకున్నాను. స్టార్టరు ఒక్క గుక్కలో తాగేసే ఛార్జి, తోసి లేపితే దారి పొడుగునా ఇంజనుకు సరిపోతుంది. వెనక సీట్లో పిల్ల కళ్లనిండా నీళ్లు. గూడ్సు బండి ఎంతకీ పోదు. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆయన్ని దింపి, నేను స్టీరింగు ముందు కూర్చున్నాను.

గేటు లేచింది. మావారొక్కరే తోస్తుంటే చూసి, పాలక్యాన్ల అతను స్కూటరు దిగి ఏమైందని అడిగాడు. ఇంటర్వ్యూ అని చెప్పగానే వెనక్కి తిరిగి కేకేశాడు. "అరే, పిల్లకు నౌకరీ ఉన్నదంట, జర వచ్చి నూకుండ్రి!" టై కట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు, జామకాయలమ్మే ఆమె, ఇంకా ఎవరెవరో చెయ్యి వేశారు. దిగొద్దని అరుస్తున్నా వినకుండా గంజి పెట్టిన చీరతో మా ఆడపడుచూ దిగి తోసింది. పట్టాలు దాటాక పల్లంలో, రెండో గేరులో క్లచ్ వదిలాను. బండి ఒక్క కుదుపు కుదిపి ఇంజను అందుకుంది. నేను ఆపలేదు, నెమ్మదిగా పోతుంటే మావారూ, పిల్లా పరుగెత్తి ఎక్కారు. మావారి చెప్పు ఒకటి గేటు దగ్గరే ఉండిపోయింది.

కొత్తగూడ దగ్గర రోడ్డుకు అడ్డంగా గేదెలు. హారను కొట్టకూడదు కదా, మావారు కిటికీలోంచి తల బయటపెట్టి "జరగండి, జరగండి" అని గొంతు చించుకున్నారు. గేదెలకు కూడా అండి తగిలించి మాట్లాడే మనిషి! పదికి ముందే చేరాం. పిల్ల నా కొంగుకు చేతులు తుడుచుకుని పరుగెత్తింది. అది మెట్లెక్కి లోపలికి పోయిందో లేదో ఇంజను దానంతటదే ఆగిపోయింది.

ఉద్యోగం వచ్చింది. మెకానిక్ డైనమో మార్చాడు. మావారు నిందించిన ఆ కొత్త బ్యాటరీయే ఆ తర్వాత మాకు ఏళ్ల తరబడి పనిచేసింది.

మొన్న ఆదివారం మా ఆడపడుచు కొత్త కారులో మమ్మల్ని తిప్పింది. ముందు నేను, వెనక మావారు. ఇప్పుడు హఫీజ్‌పేట్‌లో గేటు లేదు, పట్టాల మీదుగా వంతెన పోతుంది, ఎవరూ ఆగనక్కర్లేదు, ఎవరికీ ఎవరితో పనిలేదు. వంతెన ఎక్కగానే మా ఆడపడుచు పాట ఆపేసింది, ఏసీ ఆపేసింది, అద్దాలు దించింది. ఏమే, ఛార్జింగు తక్కువుందా అన్నాను. "లేదు వదినా, అలవాటు" అంది. వెనక నుంచి మావారు మెల్లగా తల బయటపెట్టి "జరగండి, జరగండి" అన్నారు. చుట్టూ కార్లే, అన్నిటి అద్దాలూ బిగించి ఉన్నాయి. ఎవరికీ వినపడలేదు.